చీమకి వేసిన అంకె

మార్చి 3, ఆదివారం

కంప్యూటర్‌కి కొత్త డిస్కు బిగించాను. పాతది కొన్నాళ్ళుగా చెక్కలో పురుగు దొలుస్తున్నట్టు టిక్కుటిక్కుమంటూ ఉండేది. నిన్న ఆ చప్పుడు కూడా ఆగిపోయింది. కొత్తదాని మీద లినక్స్ మొదటినుంచీ వేశాను. సెట్టింగుల ఫైళ్ళన్నీ ముందుగానే తీసి దాచుకున్నాను కనక నా అలవాట్లన్నీ ఎక్కడివక్కడికి వచ్చి కూర్చున్నాయి. మధ్యాహ్నం భోజనానికల్లా పని పూర్తి. మా గ్రంథాలయంలో అయితే ఇదే పనికి ఒక కమిటీ వేసి, కమిటీకి టీలు తెప్పించి, ఆఖరికి పాత డిస్కునే తుడిచి మళ్ళీ పెట్టేవాళ్ళు.

సాయంత్రం మా ఆవిడ తన కుర్చీలో కూర్చుని, కంప్యూటర్ చదివి వినిపించే ఓడ నవల పెట్టుకుంది. మూడో భాగం. మంచులో ఇరుక్కున్న ఓడ, అందులో మాటలు లేని కెప్టెనూ వడ్రంగీ. నేను వంటింట్లో నీళ్ళు తాగుతున్నాను. ఈ డిస్కు దుమ్ముకి గొంతు పొడిబారింది.

"ఎవరండీ ఇతను?" అంది అక్కణ్ణుంచి.

"ఎవరేంటి? నేనే."

"మీరు కాదు."

వెళ్ళి విన్నాను. గొంతు నాదే. అయినా ఆవిడ చెప్పింది నిజం.

మార్చి 4, సోమవారం

విషయం తెలిసింది.

ఆవిడ వింటున్న గొంతు నేను నలభయ్యేళ్ళ వయసులో ఇచ్చింది. గ్రంథాలయంలో చూపులేని పాఠకుల కోసం తెలుగు చదివే గొంతు ఒకటి చేయాలన్నారు. పాత పత్రికల గదిలో గోడలకి మా ఇంటి దుప్పట్లు వేలాడదీసి, వేసవి అంతా అందులో కూర్చుని వేల వాక్యాలు చదివాను. దుప్పట్లు మోసుకొచ్చింది ఆవిడే. బయట స్టూలు వేసుకుని కూర్చుని, వరండాలో చెప్పులు టపటపలాడించేవాళ్ళని అదిలించిందీ ఆవిడే. ఆ రోజుల్లో కళ్ళు బాగుండేవి. తను కూడా ఎప్పుడో దాన్నే వినాల్సి వస్తుందని ఎవరనుకున్నారు!

ఇప్పుడు ఆవిడ చూపులో సరిగ్గా నడిమధ్య మచ్చ. అంచుల్లో మాత్రం కనిపిస్తుంది. నన్ను చూడాలంటే మొహం పక్కకి తిప్పుకుని గోడకేసి చూస్తుంది. కొత్తలో అలిగిందనుకునేవాణ్ణి.

సరే, జరిగింది ఇది. ప్రోగ్రాములన్నీ ప్యాకేజీలుగా కట్టి అందరికీ అందించే అసలు రిపాజిటరీలో ఆమధ్య ఎవరో బుద్ధిమంతులు ఆ గొంతుని శుభ్రం చేశారు. వాక్యానికి ముందు నేను తీసుకునే ఊపిరి 'అనవసర శబ్దం' అట. కత్తిరించి పారేసి, దానికి మూడో వెర్షన్ అని పేరు పెట్టారు. పాత డిస్కులో రెండో వెర్షన్ మీద హోల్డ్ పెట్టి ఉంచాను, ఎన్ని అప్‌డేట్లొచ్చినా దాన్ని ముట్టుకోవద్దని. ఆ గుర్తు సిస్టమ్ లోపల ఎక్కడో ఉంటుంది, సెట్టింగుల ఫైళ్ళలో ఉండదు. నేను దాచుకున్నవి ఫైళ్ళు. హోల్డ్ పాత డిస్కుతోపాటే పోయింది. కొత్త డిస్కు అమాయకంగా వెళ్ళి మూడోది తెచ్చుకుంది.

అసలు రిపాజిటరీలో పాత వెర్షన్లు ఉంచరు. ఇంకెక్కడ దొరుకుతుందని యంత్రాన్ని అడిగాను. పట్టిక చూపించింది. మొదటి వరుసలో మూడో వెర్షన్. కింద ఇంకో వరుస ఉంది. దాంతో మనకి పనిలేదు.

మార్చి 5, మంగళవారం

పాత డిస్కుని బతికించే ప్రయత్నం చేశాను. బతకలేదు.

మార్చి 6, బుధవారం

ఓడ నవల నేనే చదివి వినిపించాను.

ఈ రచయిత సంగతి ఎప్పుడో ఒకప్పుడు రాయాలి. మూడు భాషల్లో లావుపాటి నవలలు చదివినవాణ్ణి, మంచుగడ్డ మీద తొమ్మిది పేజీలు రాసినవాణ్ణి ఇతన్నే చూశాను. నెమ్మదిగా రెండు పేజీలు దాటేశాను.

"అక్కడేదో మింగేశారు" అంది.

"మంచే."

"నాకు ఆ మంచు కావాలి. యంత్రం మింగదు."

"యంత్రానికి రుచి లేదు."

"మీకు ఓపిక లేదు. ఆ రోజుల్లో ఎంత బాగా చదివేవారు! ఒక్కసారైనా రచయితని తిట్టేవారు కాదు."

ఆవిడ మెచ్చుకునేది నన్నా, నా మీద నాకే పోటీ పెడుతోందా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. ఆ నలభయ్యేళ్ళవాడు చిరాకు పడడు, దగ్గడు, పేజీలు దాటేయడు. రోజూ మధ్యాహ్నాలన్నీ వాడితోనే. నేను టీ పెట్టిచ్చే మనిషిని.

నాలుగు పేజీలకే గొంతు గీరుకుపోయింది. దుమ్ము.

మార్చి 7, గురువారం

ఆవిడ పోరు పడలేక గొంతు డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. కుర్రవాడు. నుదుటికి దీపం కట్టుకుని, గనిలో దిగినట్టు నా నోట్లోకి దిగాడు. కెమెరా ఉన్న సన్నటి గొట్టం పంపించాడు. చిన్న ముక్క తీశాడు. దుమ్మని నేను చెప్పాను. తన అభిప్రాయం సోమవారం చెబుతాడట.

మార్చి 9, శనివారం

పరువు పోయింది. పోగొట్టింది నా గొంతే.

రిపాజిటరీల ప్రాధాన్యతల ఫైలు తెరిచి చూసుకుంటున్నాను. స్క్రీన్ మీదున్నది చదివే ప్రోగ్రాం ఆపడం మరిచిపోయాను. ఆవిడ పక్కనే బట్టలు మడతపెడుతోంది. నా శుభ్రమైన గొంతు, ఊపిరి లేకుండా, గడగడా చదివేసింది: "చీమ. దగ్గరికి రానివ్వకు. ప్రాధాన్యత మైనస్ ఒకటి."

"చీమంటే మన చీమేనా?" అంది.

ఆ పేరు ఆవిడ పెట్టిందే. మా విభాగంలో నా కింద చేరాడు. పొట్టిగా, నల్లగా, ఎప్పుడూ ఏదో ఒకటి మోస్తూ ఉండేవాడు. నేనే అన్నీ నేర్పాను.

"ఈ అంకెలేంటి?"

"సరుకు ఒకటే, దుకాణాలు నాలుగనుకో. ఎవరి దగ్గర ముందు కొనాలో యంత్రానికి తెలీదు. అందుకని ఒక్కో దుకాణానికి ఒక అంకె వేస్తాం. మామూలు దుకాణానికి ఐదు వందలు. పెద్ద అంకె ఉన్నవాడి మాట ముందు వింటుంది."

"మైనస్ వేస్తే?"

"ఎప్పటికీ ఆ గుమ్మం తొక్కదు."

"మనక్కావలసింది అతని దగ్గరే ఉన్నా?"

"ఉన్నా."

మడతపెట్టిన తువ్వాలుని విప్పి మళ్ళీ మడతపెట్టింది.

"ఉందా మరి?"

"చూడలేదు" అన్నాను.

చూశాను. పట్టికలో కింది వరుస వాడిదే. వాడు తన సొంత రిపాజిటరీలో నా రెండో వెర్షన్ని ఉంచుకున్నాడు. ఎందుకు ఉంచుకున్నాడో వాడికే తెలియాలి. దొంగిలించినవాడు సొత్తు దాచుకోవడంలో వింతేముంది.

మార్చి 10, ఆదివారం

నిన్న ఆవిడ ఇంకేం అడగలేదు. అడిగితే బాగుండేది. అడగలేదు కనక ఇక్కడ రాసుకుంటున్నాను.

నేను పదవీ విరమణ చేసిన రోజు. దండలు, శాలువా, చదివిన పుస్తకం ఒక్కటీ లేని డైరెక్టర్‌గారు పుస్తకాల గురించి ప్రసంగం. నా టీ ఇంకా చల్లారలేదు. ఒక చిన్న దిద్దుబాటు గుర్తొచ్చి, ఆఖరిసారి నా ప్యాకేజీని పంపుదామని నా గదిలోకి వెళ్ళాను. యంత్రం నన్ను తిరస్కరించింది. మేం చేసిన ప్యాకేజీ మేమే చేశామని నమ్మించడానికి ఒక్కొక్కరికీ ఒక తాళం ఉంటుంది, సంతకం లాంటిది. నా తాళం అప్పటికే రద్దయింది. చేసింది చీమ. కిందికొస్తే వాడే ఎదురొచ్చి, సమోసా పెట్టిన ప్లేటు చేతికిచ్చాడు.

తినలేదు. ఇంటికొచ్చి ఆ సాయంత్రమే వాడి రిపాజిటరీకి మైనస్ ఒకటి వేశాను. వాడికి ఎప్పటికీ తెలియని శిక్ష. తెలియకపోయినా సరే, వెయ్యడంలో ఒక సుఖం ఉంది.

ఆ ఫైలు మాత్రం కొత్త డిస్కులోకి భద్రంగా వచ్చింది. పగని ఫైల్లో పెట్టుకున్నాను. గొంతుని పెట్టుకోలేదు.

మార్చి 11, సోమవారం

దుమ్ము కాదు.

మార్చి 12, మంగళవారం

ఇవాళ ఇద్దరం వెళ్ళాం. డాక్టర్ బొమ్మ గీసి చూపించాడు. ఆవిడ కనిపించడం లేదని చెప్పకుండా, గోడవైపు తిరిగి శ్రద్ధగా చూసింది.

స్వరపేటిక తీసెయ్యాలి. పూర్తిగా. తీస్తే బతుకుతానట, చాలామంది బతికారట. ఇకనుంచి ఊపిరి ముక్కుతో కాక మెడకి ముందు పెట్టే చిన్న రంధ్రంతో.

"మాట, బాబూ?" అంది.

"రాదమ్మా. కొందరికి తర్వాత ఒక పరికరంతో గరగరమని వస్తుంది. అందరికీ కాదు, నెలలు పడుతుంది. కంగారేం లేదు, రాసి చూపిస్తారుగా."

ఆవిడ నవ్వింది. "నాకు చూపించి ఏం లాభం నాయనా" అంది. డాక్టర్ మొహం ఎర్రబడింది. మంచి కుర్రవాడు. అప్పటిదాకా గమనించలేదు పాపం.

బస్సులో కిటికీ పక్క కూర్చున్నాం. నేను మాట్లాడలేను. ఆవిడ చదవలేదు. ఇంట్లో ఉండేది ఇద్దరం. మధ్యలో ఒక కంప్యూటర్. నేను టైపు చేస్తే అది పలకాలి. అంతకు మించి దారి లేదు. ఇద్దరికీ తెలుసు, ఇద్దరం బయటికి చూస్తూ వచ్చాం. ఆవిడ నా వైపు తిరిగింది కనక బయటికి చూస్తోందనుకోవాలి. లేదా బయటికి తిరిగింది కనక నన్ను చూస్తోంది.

ఆపరేషన్ వచ్చే సోమవారం.

మార్చి 13, బుధవారం

టైపు చేసి వినిపించాను, మూడో వెర్షన్‌తో. 'నిద్రపట్టిందా?' అని.

ఆవిడ తుళ్ళిపడింది.

"ముందు చెప్పా పెట్టకుండా మీద పడుతున్నాడండీ" అంది. "మీరు మాట్లాడబోతుంటే నాకు తెలుస్తుంది. చిన్న ఊపిరి వినిపిస్తుంది. చేతిలో పని ఆపి, చెవి అటు పెడతాను. ఇతను... మందుల దుకాణంలో కుర్రాడు బిల్లు చదివినట్టుంది."

"అలవాటైపోతుంది."

"అవుతుందిలెండి" అంది వెంటనే. ఎంత వెంటనే అంటే, అబద్ధమని పక్కింటివాళ్ళకి కూడా తెలిసేంత.

కాసేపటికి: "పోనీ ఆ అబ్బాయిని అడగకూడదూ?"

"ఎవర్ని?"

"సరే, వదిలేయండి."

మార్చి 14, గురువారం

అడగనక్కర్లేదు. ఒక అంకె మారిస్తే చాలు. వాడికి తెలియను కూడా తెలియదు.

పొద్దున్న ఆ మైనస్ పక్కనపెట్టి, ఈ ఒక్క గొంతు వరకూ వాడికి నూరు వేశాను. నూరంటే గుమ్మం బయట అరుగు మీద కూర్చోమన్నట్టు. యంత్రం కదల్లేదు. కదలదని తెలుసు. అయినా వేసి చూడాలనిపించింది.

మధ్యాహ్నం ఐదు వందలు. మామూలు మనిషికిచ్చే మర్యాద. వాడి విషయంలో అదే ఎక్కువ. ఇద్దరికీ సమానంగా ఉంటే యంత్రం ఏది కొత్త వెర్షన్ అయితే దాన్ని తీసుకుంటుంది. అసలువాళ్ళది మూడు, వాడిది రెండు. కదల్లేదు.

సాయంత్రం తొమ్మిది వందల తొంభై. అయినా కదల్లేదు. ఇందులో దాని తప్పు లేదు. ఉన్న వెర్షన్ కంటే పాతదానికి వెనక్కి దిగమంటే ఈ యంత్రం ఒకే ఒక్క సందర్భంలో దిగుతుంది, అంకె వెయ్యి దాటినప్పుడు. వెయ్యి దాటించడమంటే ఆ మనిషిని అసలు రిపాజిటరీ కంటే, లోకంలో అందరికంటే పైన కూర్చోబెట్టి, ఇతను వెనక్కి నడవమంటే వెనక్కి నడువు అని చెప్పడం.

దొడ్డిదారి లేకపోలేదు. వెర్షన్ పేరు చెప్పి ఒక్కసారికి లాక్కుని హోల్డ్ పెట్టుకోవచ్చు. హోల్డ్ నమ్ముకుంటే ఏమైందో చూశాం. పైగా సోమవారం తర్వాత దాన్ని కాపలా కాసే మనిషి ఉంటాడో లేడో. నేను లేకపోయినా, ఎవరో వచ్చి ఎన్ని అప్‌డేట్లు నొక్కినా, ఆవిడకి ఆ గొంతు ఉండాలి. ఫైల్లో రాసి పెట్టాలి. డిస్కు మారినా కూడా వచ్చేటట్టు.

తొమ్మిది వందల తొంభై దగ్గర ఆపి పడుకున్నాను. మనిషన్నాక ఎక్కడో ఒకచోట ఆగాలి.

మార్చి 15, శుక్రవారం

చీమ వచ్చాడు.

ఆవిడ పిలిచింది. ఫోన్ నంబర్ ఎక్కడిదంటే, "ఎప్పుడూ ఉంది" అంది. నా పుట్టినరోజుకి ఏటా ఫోన్ చేసి, సార్ ఎలా ఉన్నారని ఆవిణ్ణి అడుగుతాడట. నేను ఇంట్లో ఉండగానే. నేను ఆ గదిలో పేపర్ చదువుకుంటూ ఉండగానే.

జుట్టు నెరిసింది. కళ్ళద్దాలు తాడుకి కట్టి మెళ్ళో వేసుకున్నాడు. నన్ను సార్ అని, ఆవిణ్ణి అక్కా అని పిలుస్తాడు. ఆ లెక్కన నేను వాడికి బావనవ్వాలి. ఆ ప్రమాదం తెలిసే కాబోలు, ఆ మాట ఎప్పుడూ అనలేదు.

"ఎలా ఉన్నారు సార్?"

"ఉన్నాను."

"గొంతు..."

"ఉంది, సోమవారం దాకా."

ఆవిడ టీ తెస్తానని లేచింది. వాడు వద్దని వెనకాలే వంటింట్లోకి వెళ్ళి, కప్పులు ఎక్కడుంటాయో తెలిసినవాడిలా తీసుకున్నాడు. తిరిగొచ్చి కూర్చున్నాక ఆవిడే అంది, "కాస్త ఆ యంత్రం సంగతి చూడు నాయనా. ఈయనకి పాత గొంతు దొరకడం లేదట."

'దొరకడం లేదట' అన్నప్పుడు గోడవైపు తిరిగింది, నా మొహం చూడడానికి.

వాడు కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. నేను లేవలేకపోయాను. నేరుగా ఆ ఫైలే తెరిచాడు. నేను నేర్పినవాడు, ఎక్కడ చూడాలో వాడికి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది. వాడి పేరు, పైన నా హెచ్చరిక, కింద మైనస్ ఒకటి, దాని కింద నూరు, ఐదు వందలు, తొమ్మిది వందల తొంభై, కొట్టివేతలతో, తేదీలతో సహా అన్నీ ఉన్నాయి. చాలాసేపు చదివాడు. ఉన్నవి ఆరే వరుసలు.

తర్వాత భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. నవ్వుతున్నాడు.

"తొమ్మిది వందల తొంభై దాకా వచ్చేశానా సార్!"

"గొంతు వరకే" అన్నాను.

"ఒక్కరోజులోనే!"

"నువ్వెందుకు పెంచలేదు వెర్షన్ని? మూడున్నరో నాలుగో వేసి ఉంటే నా ఐదు వందలకే వచ్చేది కదా."

కుర్చీ ఇటు తిప్పాడు. "రెండు మీరు వేసిన అంకె సార్. ప్రతి కొత్త లినక్స్‌కీ ఆ ప్యాకేజీని తిరిగి కట్టుకుంటూ వస్తున్నాను, మీ అంకె చివర చిన్న తోక తగిలిస్తున్నాను, అంతే. మీ అంకె మీద నేను అంకె వెయ్యడమేంటి?"

"అసలువాళ్ళు ఊపిరి తీసేశారు."

"నా ముందే తీసేశారు. వద్దని పోట్లాడాను. ఊపిరి తీసుకోకుండా మాట్లాడేవాణ్ణి నమ్మొద్దని మా సార్ చెప్పారన్నాను. ఏ సారని అడిగారు. ఈ గొంతు ఇచ్చిన మనిషేనయ్యా అన్నాను. పదిమందిలో ఒక్కణ్ణి, ఓడిపోయాను. అందుకే నా సొంత దుకాణంలో మీ రెండోదాన్ని ఉంచుకున్నాను."

ఆవిడ కప్పు కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

ఊరుకుంటే పోయేది. నేను ఊరుకునే రకం కాదు. "నా తాళం ఎవరు రద్దు చేశారు?" అన్నాను. గొంతు సగంలో విరిగింది.

"నేనే సార్."

"నా టీ చల్లారకముందే."

"అవున్సార్. ఉద్యోగం వదిలిన మనిషి తాళం ఆ సాయంత్రం నాలుగింటికల్లా రద్దు చెయ్యాలి, ఎంత పెద్దవాడైనా సరే. రూల్ మీరు రాసిందే. నాచేత మూడుసార్లు కాపీ చేయించారు. చెయ్యకపోతే మీరే నన్ను చంపేసేవారు."

రూల్ నేనే రాశాను. అది వేరే సంగతి.

"పోనీ సమోసా అయినా తినాల్సింది" అన్నాడు. "ఆ రోజు ఆఖరిది మీకోసమని దాచి తెచ్చాను."

ఆవిడ పకపకా నవ్వింది. ఈ ఇంట్లో ఆ నవ్వు విని చాలా రోజులైంది.

వెళ్ళేముందు గుమ్మంలో చెప్పులేసుకుంటూ ఆవిడతో అన్నాడు, "అక్కా, నేను ఏమీ ముట్టుకోలేదు. ఇంకో పదకొండు కావాలి. అవి సారే వెయ్యాలి. నాకు నేను వేసుకుంటే బాగోదు."

మార్చి 16, శనివారం

వెయ్యిన్నొకటి.

గొంతుకి మాత్రమే. వాడి మిగతా సరుకుకి మైనస్ అలాగే ఉంచాను. ఒక్కరోజులో అంత మార్పు నా వయసుకి మంచిది కాదు.

యంత్రం అడిగింది, వెనక్కి దిగాలి, సరేనా అని. సరేనన్నాను.

ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి ఓడ నవల ఆగిపోయిన చోట పెట్టాను. స్పీకర్లో ముందు ఊపిరి వచ్చింది. దుప్పట్ల గదిలోది, వేసవిది, బయట స్టూలు మీద ఎవరో ఉన్నారని తెలిసి తీసుకున్న ఊపిరి. తర్వాత మంచుగడ్డ.

ఆవిడ చేతిలో ఉన్న నీళ్ళగ్లాసుని నెమ్మదిగా బల్ల మీద పెట్టింది.

"ఇంత పొగరుగా మంచుని చదివేవాడు ఒక్కడే" అంది. నేను కూడా తొమ్మిది పేజీలూ విన్నాను. రచయిత అంత చెత్తగా ఏం రాయలేదు.

మార్చి 17, ఆదివారం

ఇవాళంతా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండమంది. ఏం మాట్లాడాలో తోచలేదు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ రాని ఇబ్బంది ఇది. పక్కింట్లో గోడకి డ్రిల్లింగు మొదలుపెట్టారు. వాళ్ళని తిట్టాను. డైరెక్టర్‌ని తిట్టాను. మా చిన్నాన్నని, పోయినవాడు కదా అని చూడకుండా, తిట్టాను.

"బాగుంది, ఇంకా" అంది.

నా తిట్లన్నీ అయిపోయాక పేరు పెట్టి పిలిచాను. మామూలుగా 'ఇదిగో' అని పిలుస్తాను. "ఏంటి?" అంది. ఏం లేదన్నాను. మళ్ళీ పిలిచాను. అలా కాసేపు.

మార్చి 21, గురువారం

అయింది. రాయగలుగుతున్నాను. మెడ దగ్గర ఊపిరి. ముక్కు ఎందుకుందో ఇక.

మార్చి 24, ఆదివారం

ఆవిడ మంచం పక్కన నా చెయ్యి పట్టుకుని కూర్చుంటుంది. ఒకసారి నొక్కితే అవును, రెండుసార్లు నొక్కితే కాదు. తిట్టుకి ఏం చెయ్యాలో ఇంకా నిర్ణయించుకోలేదు.

మార్చి 28, గురువారం

రోజూ ఆవిణ్ణి ఇంటినుంచి తీసుకొచ్చి, సాయంత్రం తీసుకెళ్ళేది చీమ. నర్సు ఇవాళ "మీ తమ్ముడా?" అని అడిగింది. రెండుసార్లు నొక్కుదామంటే ఆవిడ చెయ్యి వేరేచోట ఉంది.

ఏప్రిల్ 3, బుధవారం

ఇల్లు. మెట్లెక్కడానికి చాలాసేపు పట్టింది. కంప్యూటర్ మీద దుమ్ము. ఈసారి నిజంగా దుమ్మే.

ఏప్రిల్ 4, గురువారం

మొదటిసారి టైపు చేసి మాట్లాడాను. ఏం అనాలో ఆసుపత్రిలో రోజుల తరబడి ఆలోచించి పెట్టుకున్నాను. పుస్తకాల్లో చదివిన మంచిమంచి వాక్యాలు గుర్తొచ్చాయి. తీరా కూర్చున్నాక వచ్చింది: 'టీలో చక్కెర ఎందుకు వెయ్యలేదు?'

"డాక్టర్ వద్దన్నాడు" అంది, స్పీకర్ వైపు తిరక్కుండా. "మాట రాగానే మొదలా?"

ఏప్రిల్ 7, ఆదివారం

పొద్దున్న అప్‌డేట్లు వచ్చాయి. అన్నీ తీసుకున్నాను. అసలువాళ్ళు గొంతుకి ఇంకో కొత్త వెర్షన్ తెచ్చారు, మూడున్నర. యంత్రం దాన్ని చూసింది, చీమ అంకె చూసింది, కదల్లేదు. నేనేం చెయ్యనక్కర్లేకపోయింది.

ఫైలు తెరిచి ఉంది కదా అని, అతని మిగతా సరుకుకి ఉన్న మైనస్ కూడా తీసేసి ఐదు వందలు వేశాను. మామూలు మనిషికి వేసేదే. పైన ఉన్న హెచ్చరిక తుడిచేశాను. పొద్దున్న వచ్చి వెళ్తూ, సాయంత్రం సమోసాలు తెస్తానన్నాడు. నేను ఇంకా గట్టివి మింగలేనని అతనికి తెలుసు. వాసన చూడమంటాడట. వాసన కూడా తెలియదని రాసి చూపించాను. చదివి, అయినా తెస్తానన్నాడు.

మధ్యాహ్నం ఆవిడ కిటికీ దగ్గర నిలబడి ఆరిన బట్టలు తీస్తోంది. వెనకనుంచి గాలి వస్తోంది. చలిగా ఉందా, కిటికీ వెయ్యనా అని అడుగుదామని టైపు చేసి నొక్కాను.

స్పీకర్లో ఊపిరి వినిపించింది. ఇంకా మాట మొదలవలేదు. ఆవిడ చేతిలో చొక్కా అలాగే పట్టుకుని ఆగింది. స్పీకర్ ఉన్న బల్ల వైపు తిరగలేదు. గోడకేసి మొహం తిప్పింది.

"ఊఁ, చెప్పండి" అంది.